వాన పడితే నాన్నకు నిద్ర ఉండదు. ఇది భయమా, జబ్బా?

మూడో_ఫ్లోర్
2020 అక్టోబరులో హైదరాబాద్ మునిగినప్పుడు మా ఇల్లు కూడా మునిగింది. సరూర్‌నగర్ చెరువు దిగువన కాలనీ, గ్రౌండ్ ఫ్లోర్. పరుపులు మంచాల మీదికి ఎక్కించేలోపే మంచాలు తేలిపోయాయి. పైవాటా వాళ్లు అమ్మానాన్నలను చేతులు పట్టి మెట్ల మీదికి లాగారు. ప్రాణాలు దక్కాయి, మిగతాదంతా పోయింది. తర్వాత ఆ ఇల్లు వచ్చిన రేటుకు అమ్మేసి ఉప్పల్ వైపు మూడో అంతస్తులో అద్దెకు చేరాం.

మా నాన్న ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. శ్రీశైలం ఘాట్‌లో వానలో, చీకట్లో బస్సు నడిపిన మనిషి. ఆయనకిప్పుడు మబ్బు పడితే చాలు చెమటలు పట్టేస్తాయి. ఇంటి కాగితాలు, పెన్షన్ పుస్తకం, అమ్మ షుగర్ మందులు అన్నీ ఒక సంచిలో పెట్టి తలుపు పక్కన ఉంచుతారు. గ్యాస్ సిలిండర్ మోసుకొచ్చి మంచం మీద పెడతారు. అర్ధరాత్రి టార్చి పట్టుకుని కిందికి దిగి నాలా ఎంత పారుతోందో చూసొస్తారు, మళ్లీ దిగుతారు, మళ్లీ చూస్తారు. వాచ్‌మన్‌తో గొడవలు. బాత్రూంలో బకెట్ నిండి పొర్లిన చప్పుడు వినిపిస్తే ఇల్లంతా కేకలు. 2025 సెప్టెంబరులో మూసీ నీళ్లు ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకి వచ్చినప్పుడు టీవీలో అదే వీడియో తిప్పి తిప్పి వేశారు కదా, ఆయన ఏళ్ల తరబడి బస్సు పెట్టిన ప్లాట్‌ఫారాలు నీళ్లలో ఉండటం చూసి ఆ రోజు అన్నం ముట్టలేదు.

తమ్ముడేమో పని లేక నాటకాలు అంటాడు. అమ్మ జహంగీర్ పీర్ దర్గాకు తీసుకెళ్దామంటుంది. నేను డాక్టర్ మాట ఎత్తితే "నన్ను ఎర్రగడ్డ పిచ్చాస్పత్రిలో పడేస్తావా?" అని అలిగి కూర్చున్నారు. ఇన్నేళ్లయినా ఎందుకు తగ్గడం లేదు? ఎవరింట్లోనైనా ఇలా ఉందా?

ఇరానీ_చాయ్
సిలిండర్ మంచం మీద పడుకుంటే మరి అంకుల్ ఎక్కడ పడుకుంటారు బ్రో 😅

మూడో_ఫ్లోర్
కుర్చీలో. అదే బాధ.

ఇరానీ_చాయ్
సారీ. మా పెద్దనాన్న కూడా ఇంతే, ఆయనది ఇన్వర్టర్ బ్యాటరీ.

లెక్కల_మాస్టారు
ఈ మధ్య ప్రతిదానికీ ఒక జబ్బు పేరు తగిలించడం ఫ్యాషన్ అయింది. 2000 ఆగస్టు 24న ఇదే ఊళ్లో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. అప్పుడు నేను దోమలగూడలో ఉండేవాణ్ణి. నడుము లోతు నీళ్లలో తాడు పట్టుకుని బయటపడ్డాం. ఇల్లు కడుక్కున్నాం, బురద ఎత్తాం, బడి తెరవగానే వెళ్లి పాఠం చెప్పాను. ఎవరూ వచ్చి నా మనసు ఎలా ఉందని అడగలేదు. దివిసీమ ఉప్పెనలో ఊళ్లకు ఊళ్లే పోతే జనం లేచి మళ్లీ నాట్లు వేసుకున్నారు. పెద్దాయన ఖాళీగా ఉన్నారు కాబట్టి ఆలోచనలు వస్తున్నాయి. ఏదైనా పని అప్పజెప్పండి, సర్దుకుంటారు.

దివిసీమ_పిల్ల
మాస్టారూ, దివిసీమ పేరెత్తారు కాబట్టి చెప్తున్నా. మా అమ్మమ్మది నాగాయలంక దగ్గర పల్లె. 1977 నవంబరు 19 రాత్రి. పోయినవాళ్లు సర్కారు లెక్కలోనే పదివేలు దాటారు, ఆ లెక్కలో మా ఇద్దరు మేనమామలున్నారు. అమ్మమ్మ, తాతయ్య, మా అమ్మ మిగిలారు. మీరన్నట్టే లేచారు, నాట్లు వేశారు, పశువులు కొన్నారు, అమ్మకు పెళ్లి చేశారు. చూసేవాళ్లకు అంతా బాగుంది.

ఆ పెళ్లి అయ్యేదాకా అమ్మమ్మ తన కొంగును అమ్మ నడుముకు ముడేసుకునే పడుకునేది. అమ్మ రాత్రి లేచి నీళ్లు తాగాలన్నా ముడి విప్పమని అడగాలి. అమ్మమ్మ మళ్లీ చేప ముట్టలేదు, మా ఇంట్లో ఎవరూ వండలేదు, కృష్ణ ఒడ్డున పుట్టిన మనుషులం. తాతయ్యకు గాలి హోరు వినిపిస్తే సారా సీసా కావాల్సిందే. బతికారు, కాదనను. ఆ రాత్రిళ్ల సంగతి మాత్రం మా అమ్మను అడగాలి. అడిగినా సగమే చెప్తుంది.

లెక్కల_మాస్టారు
అమ్మా, మీ ఇంటి దుఃఖాన్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. బిడ్డలు పోవడం వేరు, ఫ్రిజ్ పోవడం వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టొద్దంటున్నా.

పాతబస్తీ_07
ఫ్రిజ్ పోయింది అని ఈజీగా అనేశారు మాస్టారూ. గుర్రం చెరువు కట్ట తెగినప్పుడు మా వీధిలో ఒకాయన కుట్టు మిషన్లు అన్నీ నీళ్లలో పోయాయి. అప్పు తెచ్చి పెట్టుకున్న షాపు. మనుషులు ఎవరూ పోలేదు, అందుకే ఎవరూ పరామర్శకు రాలేదు. ఆయన ఆరు నెలలు ఇంట్లోంచి బయటికి రాలేదు.

అసలు వరద రాత్రి కంటే తర్వాతి నెలలే మనిషిని తినేస్తాయి. బురద, పాముల భయం, తడిసిన గోడలు, పిల్లల సర్టిఫికెట్లకు ఆఫీసుల చుట్టూ తిరగడం. వరద బాధితులకు సర్కారు ఇస్తానన్న పదివేల సాయం గుర్తుందా? మొదట ఇంటింటికీ పంచారు, కొందరికి అందింది కొందరికి అందలేదు, తర్వాత మీసేవలో అప్లై చేసుకోమంటే కిలోమీటర్ల క్యూలు, అంతలో జీహెచ్‌ఎంసీ ఎలక్షన్ అని నవంబరు 18న ఎన్నికల సంఘం ఆపించింది. మా అమ్మీ పొద్దున్నుంచి లైన్లో నిలబడి ఖాళీ చేతులతో ఇంటికొచ్చి ఏడ్చింది. నీళ్లు వచ్చిన రాత్రి ఆమె ఏడవలేదు.

ఎర్రబస్సు
ఆ క్యూ నేనూ చూశాను. కోవిడ్ టైం, మాస్కులు గడ్డం కింద.

పీజీ_నైట్‌డ్యూటీ
సైకియాట్రీలో పీజీ చేస్తున్నా. అంకుల్‌ను చూడకుండా ఇక్కడ జబ్బు పేరు చెప్పను, ఎవరు చెప్పినా నమ్మొద్దు. మామూలుగా ఎలా ఉంటుందో మాత్రం రాస్తాను, పెద్ద పోస్టు.

మాస్టారు చెప్పిన దాంట్లో నిజం ఉంది. వరదో భూకంపమో వచ్చి వెళ్లాక మొదటి రోజుల్లో నిద్ర పట్టకపోవడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం, ఏడుపు, చిరాకు, లేదా ఏమీ అనిపించకుండా బండబారిపోవడం, ఇవి దాదాపు అందరికీ ఉంటాయి. జబ్బు కాదు. తిండి, గూడు, అయినవాళ్లు, చేసుకోవడానికి పని ఉంటే ఎక్కువమందికి వాటంతట అవే తగ్గుతాయి. మాస్టారు బడికి వెళ్లి పాఠం చెప్పడం ఆయనకు మందులా పనిచేసి ఉండొచ్చు.

నెల దాటినా తగ్గకుండా, మనిషి బతుకునే అడ్డుకుంటే అప్పుడు పీటీఎస్‌డీ, అంటే ఘోరమైన ఘటన తర్వాత మనసుకు తగిలి మానని గాయం, ఉందేమోనని చూస్తాం. జరిగింది కళ్ల ముందు మళ్లీ మళ్లీ జరుగుతున్నట్టు ఉండటం, పీడకలలు, గుర్తు చేసే చోట్లకూ మాటలకూ దూరంగా జరగడం, లోకం మీదా తన మీదా నమ్మకం పోవడం, ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టు ఒళ్లు బిగబట్టుకుని ఉండటం. కొందరిలో ఇది కాక డిప్రెషన్ ఉంటుంది, కొందరిలో మందు అలవాటు ముదురుతుంది. దివిసీమ_పిల్ల గారి తాతయ్యలాంటి వాళ్లను వార్డులో రోజూ చూస్తాం.

ఇంకో సంగతి. మన పేషెంట్లు వచ్చి "నాకు మనసు బాగాలేదు" అనరు. గుండె దడ అంటారు, ఛాతీలో మంట అంటారు, తల బరువు, కాళ్లు లాగుతున్నాయి అంటారు. ఈసీజీలు తీయించుకుని గ్యాస్ టాబ్లెట్లు వాడి వాడి, చివరికి మా దగ్గరికి వస్తారు.

ఏళ్లు గడిచినా ఎందుకు తగ్గడం లేదని అడిగారు. అంకుల్ వాన పడిన ప్రతిసారీ సంచి సర్దారు, నాలా చూసొచ్చారు, వరద రాలేదు. "మూడో అంతస్తులో ఉన్నాం కాబట్టి రాలేదు" అని మెదడు అనుకోదు, "కాపలా కాశాను కాబట్టి రాలేదు" అనుకుంటుంది. తర్వాతి వానకు ఇంకాస్త గట్టిగా కాపలా. భయం తప్పని తేలే అవకాశమే రాదు.

మూడో_ఫ్లోర్
ఆ చివరి పేరా తమ్ముడికి పంపించాను. "ఊఁ" అని పెట్టాడు. వాడి నుంచి అంత రావడమే ఎక్కువ.

హుద్‌హుద్_2014
నాది వైజాగ్. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుపాను. నీళ్లు కాదు నాకు, గాలి. పొద్దంతా కిటికీలు కొట్టుకోవడం, ఆ ఈల చప్పుడు, మధ్యలో కాసేపు అంతా ఆగిపోయి మళ్లీ అవతలి వైపు నుంచి మొదలవడం. ఇప్పుడు కొండాపూర్‌లో పెద్ద టవర్‌లో పై అంతస్తులో ఉంటున్నా. వరద భయం లేదని డబ్బులు ఎక్కువ పెట్టి ఎత్తులో కొన్నాను, ఇక్కడ మామూలు గాలికే బాల్కనీ తలుపు సందులోంచి సరిగ్గా అదే ఈల. మా ఆవిడ టేపు కొట్లో నాకు ఖాతా తెరిచింది 😂

జోక్ పక్కన పెడితే, ఇంటర్వ్యూ మధ్యలో ఆ చప్పుడు వచ్చి మాట పడిపోయింది. అప్పుడు వెళ్లాను కౌన్సెలింగ్‌కు. సిగ్గేమీ లేదు.

ఇరానీ_చాయ్
వైజాగ్ అన్నా ఏం చేశారు అక్కడ? సోఫాలో పడుకోబెట్టి చిన్నప్పటి సంగతులు అడుగుతారా

హుద్‌హుద్_2014
ప్లాస్టిక్ కుర్చీ. ఏసీ కూడా లేదు. మొదట నిద్ర గురించి, ఊపిరి గురించి. తర్వాత ఆ రోజు సంగతి కొంచెం కొంచెంగా చెప్పించారు. ఆ తర్వాత ఫోన్‌లో గాలి చప్పుడు తక్కువ సౌండ్‌లో పెట్టుకుని వినమన్నారు, నెమ్మదిగా పెంచమన్నారు. మొదట్లో పారిపోవాలనిపించేది. ఇప్పుడు ఈల వినిపిస్తే చిరాకు వస్తుంది, గుండె జారదు. పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను.

మున్నేరు_పక్కన
ఖమ్మం మాది, ఇక్కడ నాచారంలో ఉంటున్నా. 2024 సెప్టెంబరు 1న అక్క వాళ్లింట్లోకి మున్నేరు వచ్చింది. అక్క కొడుకు అప్పుడు ఒకటో తరగతి. వాడు ఇప్పటికీ బకెట్లో నీళ్లు పోసి బొమ్మ కార్లు ముంచి "ఎక్కండి ఎక్కండి" అని అరుస్తూ ఆడతాడు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. బావ ఆ ఆట చూస్తే కొడతాడు. ఆపించాలా, ఆడనివ్వాలా?

టీచరమ్మ_ఎల్బీనగర్
కొట్టొద్దని ముందు మీ బావగారికి చెప్పండి. పిల్లలు మాటల్లో చెప్పలేనిది ఆటలో చెప్తారు. పక్కన కూర్చుని "తర్వాత ఏమైంది? ఎవరు వచ్చారు?" అని అడగమనండి. ఆటలో ఎవరో ఒకరు వచ్చి కాపాడితే మంచిదే. ఖమ్మంలో ప్రకాశ్‌నగర్ వంతెన మీద చిక్కుకున్న తొమ్మిది మందిని జేసీబీ వేసుకెళ్లి తెచ్చిన డ్రైవర్ ఉన్నాడుగా, మీవాడి బొమ్మల్లో ఒక జేసీబీ చేర్చండి.

మా బడిలో 2020 వరద పిల్లలు ఉండేవాళ్లు. అప్పుడు బడులు లేవు, అంతా ఫోన్లో పాఠాలు, ఫోన్ నీళ్లలో పోతే పాఠమూ పోయింది. తర్వాత బడి తెరిచాక ఒక పాప బ్యాగు ఎప్పుడూ నేల మీద పెట్టేది కాదు, ఒళ్లోనే పెట్టుకుని రాసేది. చేతిరాత బాలేదని తిట్టిన టీచర్లున్నారు. మేం చేసిందల్లా గోడకు ఒక మేకు కొట్టి బ్యాగు తగిలించుకోమన్నాం.

పీజీ_నైట్‌డ్యూటీ
మేకు కొట్టడం మా ప్రిస్క్రిప్షన్ల కంటే బాగుంది మేడమ్. మున్నేరు_పక్కన గారూ, పక్క తడపడం ఇంకా తగ్గలేదు కాబట్టి ఒకసారి పిల్లల డాక్టర్‌కు చూపించండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ లాంటివి లేవని తేల్చుకోవాలి కూడా. అందరి ముందూ ఆ సంగతి ఎత్తొద్దు.

సింగ్‌నగర్_వాసి
బెజవాడ బుడమేరు వరద బాధితుడిని, ఇప్పుడు మియాపూర్. ఒక ప్రశ్న. మా ఇంట్లో నీళ్లు రోజుల తరబడి ఉన్నాయి, మేడ మీద ఉండి కింద పడవలు వెళ్తుంటే కేకలు వేశాం. బయటికి వచ్చాక షెల్టర్‌లో ఒక బృందం వచ్చి గుంపుగా కూర్చోబెట్టి ఒక్కొక్కరినీ ఏం జరిగిందో చెప్పమన్నారు. మా పక్కింటావిడ చెప్తూ చెప్తూ పడిపోయింది. మా అత్తయ్య ఆ రోజు నుంచి మాట తగ్గించేసింది. అలా చెప్పించడం మంచిదేనా?

పీజీ_నైట్‌డ్యూటీ
మంచిది కాదు. ఒకప్పుడు చేసేవాళ్లు, ఘటన జరిగిన వెంటనే ఒక్కసారి కూర్చోబెట్టి అంతా కక్కించేస్తే బరువు దిగుతుందని. ఉపయోగం కనబడలేదు, కొందరికి ఇంకా హాని జరుగుతుంది. డబ్ల్యూహెచ్‌ఓ కూడా వద్దంటుంది. 2011లో వాళ్లిచ్చిన మానసిక ప్రథమ చికిత్స పద్ధతి చాలా మామూలుగా ఉంటుంది. ఎవరికి ఏం అవసరమో చూడు, వాళ్లు చెప్తే విను, చెప్పకపోతే గుచ్చకు, తిండి, నీళ్లు, దుప్పటి, ఇంటివాళ్ల సమాచారం అందేలా చెయ్యి. దీనికి డాక్టరే అక్కర్లేదు. ఒడిశా తుపాను, సునామీ లాంటి విపత్తుల తర్వాత బెంగళూరు మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు స్థానిక వలంటీర్లకు, టీచర్లకు శిక్షణ ఇచ్చి పనిచేయించింది ఇందుకే. ఊరికి నలుగురు సైకియాట్రిస్టులు మన దేశంలో ఎక్కడున్నారు.

హుద్‌హుద్ గారు చెప్పింది వేరు. అది నెలల తర్వాత, నమ్మకం కుదిరాక, ఒకే మనిషితో, మెల్లమెల్లగా చేసే చికిత్స.

లెక్కల_మాస్టారు
అంటే గుచ్చి అడగకూడదనేగా నేనూ మొదటినుంచీ అంటున్నది.

దివిసీమ_పిల్ల
గుచ్చి అడగకపోవడం వేరు మాస్టారూ, అసలు అడగకపోవడం వేరు. మా అమ్మమ్మను ఎవరూ ఏమీ అడగలేదు.

ఎర్రబస్సు
నిద్ర లేదంటున్నారు కదా, మెడికల్ షాపులో ఒక మాత్ర దొరుకుతుంది, సగం వేస్తే గుర్రు పెట్టి పడుకుంటారు. మా బావమరిదికి నేనే తెచ్చిచ్చా.

పీజీ_నైట్‌డ్యూటీ
ఎర్రబస్సు గారూ, ఆ పోస్టు దయచేసి తీసేయండి. మీరు చెప్పేది ఆల్ప్రాజోలం అయి ఉంటుంది. మన తెలంగాణలో కల్తీ కల్లులో కలిపేది అదే. కల్లు దొరక్కపోతే చేతులు వణికి, ఫిట్స్ వచ్చి ఆస్పత్రుల్లో పడేవాళ్లను చూశారు కదా. పెద్దవయసులో తూలి పడతారు, తుంటి ఎముక విరుగుతుంది. అంతకంటే ముఖ్యం, ఇలాంటి భయానికి అది చికిత్స కాదు. పీటీఎస్‌డీకి వాడే మందులు వేరే ఉన్నాయి, సెర్ట్రలిన్ లాంటివి, అవి కూడా డాక్టర్ చూసి ఇవ్వాల్సిందే, పనిచేయడానికి వారాలు పడుతుంది.

ఎర్రబస్సు
తీయను, కింద మీ జవాబు అందరూ చదవాలిగా. బావమరిదికి మాత్రం ఫోన్ చేస్తున్నా. ఒక్కసారిగా ఆపొచ్చా?

పీజీ_నైట్‌డ్యూటీ
వద్దు! రోజూ వాడుతుంటే టక్కున ఆపకూడదు, డాక్టర్ దగ్గర తగ్గించుకుంటూ రావాలి. తీసుకెళ్లండి.

పాతబస్తీ_07
మీరంతా భయాన్ని తగ్గించే మాటే మాట్లాడుతున్నారు. ఒక సందేహం. ఆ భయం అబద్ధమా? మా నాలా ఇప్పటికీ అలాగే ఉంది, మీద ఇళ్లు అలాగే ఉన్నాయి, పెద్ద వాన పడితే నీళ్లు మళ్లీ వస్తాయి. మా అమ్మీకి కౌన్సెలింగ్ ఇచ్చి "భయపడకమ్మా" అని అదే గ్రౌండ్ ఫ్లోర్‌కు పంపిస్తే అది ఏం వైద్యం?

ఈ ఊరికి ఇది కొత్తా? 1908 సెప్టెంబరు 28, మూసీ. పదిహేను వేలమంది దాకా పోయారంటారు. ఉస్మానియా ఆస్పత్రిలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది బతికారని మా దగ్గర చిన్నపిల్లలకూ తెలుసు. అమ్జద్ హైదరాబాదీ అని ఉర్దూ కవి, ఆయన తల్లి, భార్య, కూతురు ముగ్గురూ ఆ వరదలోనే కొట్టుకుపోయారు, ఆయన ఒక్కడే మిగిలాడు. ఆ దుఃఖం ఆయన్ని జీవితాంతం వదల్లేదు. కానీ ఆ వరద తర్వాత ప్రభుత్వం ఏం చేసింది? విశ్వేశ్వరయ్యను పిలిపించింది, 1920కి ఉస్మాన్ సాగర్, 1927కి హిమాయత్ సాగర్ కట్టింది. భయానికి అది కూడా మందే కదా.

హుద్‌హుద్_2014
ఈ పోస్టుకు పది లైకులు కొట్టాలని ఉంది, ఒకటే పడుతోంది.

పీజీ_నైట్‌డ్యూటీ
ఒప్పుకుంటాను. నిజంగా ప్రమాదం ఉన్న చోట భయపడొద్దని చెప్పడం వైద్యం కాదు. 2009లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ (ఎన్‌డీఎంఏ) ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా మానసిక సాయాన్ని మిగతా సహాయ చర్యలతో కలిపే చూడమని ఉంది, కాగితం మీద. కానీ మూడో_ఫ్లోర్ గారి నాన్నగారు ఇప్పుడున్నది మూడో అంతస్తు. అక్కడ సిలిండర్‌ను మంచం ఎక్కించడం వరద గురించిన జాగ్రత్త కాదు. మీ అమ్మీ గ్రౌండ్ ఫ్లోర్‌లో కాగితాలు అటక మీద పెట్టుకుంటే అది నూటికి నూరుపాళ్లు జాగ్రత్తే, దాన్ని జబ్బు అంటే నేను ఊరుకోను.

లెక్కల_మాస్టారు
ఇప్పుడు దారిలోకి వచ్చారు. నా సలహా మళ్లీ చెప్తున్నా. ఆయనకు అపార్ట్‌మెంట్‌లో వానాకాలం బాధ్యత అప్పగించండి. సెల్లార్ మోటార్, డ్రైనేజీ జాలీలు, మెయిన్ స్విచ్. డ్రైవర్‌గా చేసిన మనిషి, బండి కండిషన్ చూసి కానీ డిపో దాటడు. ఆ అలవాటుకు పని కావాలి.

టీచరమ్మ_ఎల్బీనగర్
అలా చేస్తే కాపలా ఇంకా ఎక్కువవదా? పీజీ గారు పైన రాసింది అదే కదా, కాపలాయే భయాన్ని పెంచుతోందని.

పీజీ_నైట్‌డ్యూటీ
ఇద్దరిదీ నిజమే, అందుకే హద్దు కావాలి. సాయంత్రం ఒకసారి జాలీలు చూడటం, మోటార్ వేసి చూడటం మంచి పని, నలుగురిలో గౌరవం కూడా. రాత్రి మళ్లీ దిగడం వద్దు. ఎన్నిసార్లు చూడాలో వాన పడనప్పుడే మాట్లాడుకుని పెట్టుకోవాలి, వానలో పెట్టుకునే నియమాలు నిలవవు. సంచి సర్దుకోనివ్వండి, దాన్ని బీరువాలో పెట్టమనండి. సిలిండర్ దింపించడం అన్నిటికంటే ఆఖరున.

టీవీ మాత్రం మొదటిరోజే కట్టేయండి. ఒకే వీడియో వందసార్లు చూస్తే ఆయనకు వందసార్లు వరద వచ్చినట్టే. వాతావరణ శాఖ హెచ్చరిక రోజుకు ఒకసారి మీరే చూసి చెప్పండి.

సింగ్‌నగర్_వాసి
ఫోన్‌లో సర్కారు అలర్ట్ ఒకటి వస్తుంది, సైరన్‌లా. అది మోగితే మా అత్తయ్య చేతిలో ఏముంటే అది పడేస్తుంది. 2023లో టెస్టింగ్ అని పంపినప్పుడే చాలామంది జడుసుకున్నారు.

ఇరానీ_చాయ్
అది మోగినప్పుడు నేను సినిమా హాల్లో ఉన్నా. హాలు హాలంతా ఒకేసారి. హీరో ఎంట్రీ కంటే ఎక్కువ అరిచారు జనం

పడవ_మనిషి
ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతున్నా. 2020లో టోలిచౌకి వైపు కాలనీల్లో పడవ వేసుకుని జనాన్ని తెచ్చినవాళ్లలో నేనొకణ్ణి, వలంటీర్‌గా. మాకు శాలువాలు కప్పారు, ఫొటోలు తీశారు. ఒక ఇంటి మేడ మీద ముసలాయన నన్ను పిలిచాడు, పడవ నిండిపోయింది, తర్వాత వస్తానన్నాను. వెళ్లేసరికి వేరేవాళ్లు తీసుకెళ్లిపోయారు, ఆయన క్షేమంగానే ఉన్నాడు, తర్వాత కలిశాను కూడా. అయినా కలలో ఆయన అక్కడే ఉంటాడు. బాధితులకైతే సానుభూతి ఉంటుంది, మాకు "నువ్వు హీరోవి" అంటారు, ఇంకేం చెప్పుకుంటాం.

పీజీ_నైట్‌డ్యూటీ
చెప్పుకోవచ్చు. డీఆర్‌ఎఫ్ (విపత్తు సహాయ దళం), ఫైర్ సిబ్బంది, వలంటీర్లు, శవాలు ఎత్తేవాళ్లు, రిపోర్టర్లు కూడా, అందరికీ వస్తుంది. 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్ అని సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022 అక్టోబరులో మొదలైంది, పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఎప్పుడైనా చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఆగకుండా అదే నిమిషంలో చేయండి, లేదా దగ్గర్లోని పెద్దాస్పత్రికి వెళ్లండి. ఇది ఈ చర్చ చదువుతున్న అందరికీ.

పడవ_మనిషి
అంత దాకా లేదు. నంబరు సేవ్ చేసుకున్నా.

దివిసీమ_పిల్ల
మూడో_ఫ్లోర్ గారూ, అంతా నాన్నగారి గురించే రాశారు. అమ్మగారు ఎలా ఉన్నారు? ఆ రాత్రి ఆవిడ కూడా నీళ్లలోనే ఉన్నారుగా.

మూడో_ఫ్లోర్
అడిగితే "నాకేం, బాగానే ఉన్నా" అంటుంది. రోజూ వంట, పూజ, సీరియల్ అన్నీ మామూలే. ఒక్కటి మాత్రం, ఆ వరదలో ఆమె పెళ్లి చీరలు పోయాయి, ఇప్పుడు పండక్కి కొత్త చీర కొంటానంటే "ఎందుకు, మళ్లీ నానబెట్టడానికా" అంటుంది. నవ్వుతూనే అంటుంది. నాన్నది ఇల్లంతా వినబడుతుంది కాబట్టి మాకు తెలిసింది.

టీచరమ్మ_ఎల్బీనగర్
మా ఇళ్లల్లో ఆడవాళ్లందరిదీ ఇదే కథ. మగవాళ్లకు నీళ్లు చూసి భయపడటానికి టైం ఉంది, ఆడవాళ్లు బురద కడగాలి.

లెక్కల_మాస్టారు
ఇది మా ఆవిడ చదివింది. 2000లో దోమలగూడ ఇల్లు ఎవరు కడిగారో ఇక్కడ రాయమంటోంది. రాశాను.

ఇరానీ_చాయ్
😂😂 మాస్టారు డౌన్

మున్నేరు_పక్కన
హెల్త్ ఇన్సూరెన్స్‌లో ఇవి వస్తాయా? మా అక్కవాళ్ల ఏజెంట్ మానసికం అంటే రాదని తేల్చేశాడు.

పీజీ_నైట్‌డ్యూటీ
2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం శరీర జబ్బులకు ఇచ్చినట్టే వీటికీ బీమా ఇవ్వాలి. ఏజెంట్ మాట కాకుండా పాలసీ కాగితం చదవండి, ఎక్కువ పాలసీలు ఆస్పత్రిలో చేరితేనే ఇస్తాయి, ఓపీ ఖర్చులకు ఇవ్వవు. గాంధీ, ఉస్మానియాలో సైకియాట్రీ ఓపీ ఉంది, అక్కడైతే బీమాతో పనే లేదు.

మూడో_ఫ్లోర్ గారూ, అంకుల్‌కు ఎర్రగడ్డ పేరు ఎత్తకండి. నిద్ర కోసం, బీపీ కోసం అని మామూలు ఆస్పత్రికే తీసుకెళ్లండి. అబద్ధం చెప్పి మాత్రం తీసుకెళ్లొద్దు, లోపల ఎవరున్నారో ముందే చెప్పండి. మోసం చేశారనిపిస్తే రెండోసారి రారు.

మూడో_ఫ్లోర్
తీసుకెళ్లాం. నేనూ తమ్ముడూ ఇద్దరం. "నిద్ర డాక్టర్, మనసు డాక్టర్ కూడా" అని చెప్పే తీసుకెళ్లా. దారంతా మాట్లాడలేదు. లోపల డాక్టర్ ఏ డిపో అని అడిగారట, అంతే, శ్రీశైలం రూట్ మొత్తం మలుపు మలుపూ చెప్పి వచ్చారు. వరద మాట ఈసారి రాలేదు. మళ్లీ రమ్మన్నారు. వెళ్తారో లేదో తెలియదు, తేదీ మాత్రం క్యాలెండర్‌లో ఆయనే గుండ్రంగా గీసుకున్నారు. సెల్లార్ మోటార్ సంగతి అసోసియేషన్‌లో పెట్టా, సెక్రటరీకి నచ్చింది, వాచ్‌మన్‌కు నచ్చలేదు.

ఎర్రబస్సు
ఏ డిపో అంకుల్‌ది? మా నాన్నది పికెట్.

మూడో_ఫ్లోర్
వ్యక్తిగత మెసేజ్ పెడతా.

మోడరేటర్
నాలాల కబ్జాల మీద పార్టీల పేర్లు పెట్టి తిట్టుకున్న పోస్టులు తీసేశాను. ఎర్రబస్సు గారి మాత్రల పోస్టు, కింద జవాబు ఉంది కాబట్టి ఉంచుతున్నా. 14416ను పైన పిన్ చేశాను. వరద నీళ్లు, చెరువులు, నాలాల గురించి మాట్లాడాలంటే విడిగా ఇంకో చర్చ తెరవండి, ఇక్కడ వద్దు.

పాతబస్తీ_07
తెరిచాను. మీ వీధి నాలా ఫొటోలు పట్టుకుని రండి. మాస్టారూ, దోమలగూడ నుంచి మీరు ముందు.